లేజర్‌కు లొంగని పలక

సైన్‌బోర్డుల దుకాణానికి వెళ్లినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "లేజర్ కటింగేనా అండీ?" లేజరంటే నాణ్యత అనే అభిప్రాయం జనంలో బాగా నాటుకుపోయింది. యాక్రిలిక్ అక్షరాల వరకూ అది నిజమే. పది మిల్లీమీటర్ల మందమున్న యాక్రిలిక్‌ను కూడా లేజర్ నున్నని, మెరిసే అంచుతో కోసి ఇస్తుంది. అదే యంత్రం కింద మూడు మిల్లీమీటర్ల ఏసీపీ షీటు పెడితే కథ తిరగబడుతుంది. పైన ముద్రించిన రంగు కాలి పొగ లేస్తుంది తప్ప రేకు తెగదు.

ఏసీపీ అంటే అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్. పేరు తెలియనివారికి కూడా రోజూ కంటపడేదే. పెట్రోలు బంకు కప్పు చుట్టూ కనిపించే రంగు పట్టీ, బ్యాంకు శాఖ ముఖభాగం, బట్టల దుకాణం ముందు నిలువెత్తు బోర్డు, చాలాచోట్ల ఇదే. ఒకప్పుడు రేకు మీద ఎనామిల్ రంగుతో పెయింటర్ రాసిన పేర్లు తర్వాత ఫ్లెక్సీల మీదికి మారాయి. ఫ్లెక్సీ నాలుగు ఎండలకు వెలుస్తుంది, ఒక గాలివానకు చిరుగుతుంది. అందుకని కాస్త ఖర్చు పెట్టగలిగినవాళ్లు ఏసీపీ దాకా వచ్చారు. ఈ షీటు మీద నేరుగా బొమ్మ వేసే ఫ్లాట్‌బెడ్ యూవీ ప్రింటర్లూ వచ్చాయి. నలుపలకల బోర్డయితే పెద్ద చిక్కు లేదు. ముద్రించిన షీటులోంచి ఒక నెమలినో, కాఫీ కప్పునో, "వస్త్రాలయం" అన్న అక్షరాలనో ఆ ఆకారంలోనే కోసి తీయాలన్నప్పుడే అసలు ప్రశ్న మొదలవుతుంది. దేనితో కోయాలి?

కోసిన షీటును అంచు వైపునుంచి చూస్తే దాని గుట్టు తెలిసిపోతుంది. బొబ్బట్టులో పూర్ణం మందంగా, పైపొర పలచగా ఉన్నట్టే ఇందులో నడుమ పాలీఎథిలీన్ అనే ప్లాస్టిక్, దానికి అటూ ఇటూ పలచని అల్యూమినియం రేకులు. సైన్‌బోర్డులకు ఎక్కువగా వాడే 3 మి.మీ. షీటులో ఒక్కో రేకు మందం 0.2 నుంచి 0.3 మి.మీ. మాత్రమే. భవనాల ముఖభాగాలకు వాడే 4 మి.మీ. రకంలో అది 0.5 మి.మీ. దాకా ఉంటుంది. నడుమ ఉన్న ప్లాస్టిక్‌ను పనివాళ్లు కోర్ అంటారు.

ఇంత తక్కువ లోహంతో అంత బిగువెలా వచ్చింది? పలక వంగేటప్పుడు ఒక ముఖం సాగుతుంది, రెండో ముఖం నొక్కుకుంటుంది. మధ్యలో ఉన్న పదార్థం మీద లాగుడూ నొక్కుడూ పెద్దగా పడవు. కాబట్టి గట్టిదాన్ని రెండు ముఖాలకూ చేర్చి, తేలికైనదాన్ని నడుమ ఉంచితే సరిపోతుంది. లెక్క వేసి చూస్తే 0.3 మి.మీ. రేకులున్న 3 మి.మీ. ఏసీపీ మందంలో అల్యూమినియం ఐదో వంతే. వంగకుండా నిలిచే గుణం మాత్రం పూర్తిగా అల్యూమినియంతో చేసిన 3 మి.మీ. పలకలో దాదాపు సగం. బరువు చదరపు మీటరుకు 3.8 కిలోలు. అంతే మందం ఉన్న ఉత్త అల్యూమినియం పలక 8 కిలోలు దాటుతుంది.

స్విట్జర్లాండుకు చెందిన అల్యూస్విస్ కంపెనీ 1969లో ఈ సరుకును అలుకోబాండ్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. ఆకారాలుగా కోసి వాడిన తొలినాళ్ల పెద్ద ఉదాహరణల్లో ఒకటి అమెరికాలోని ఫ్లోరిడాలో ఉంది. 1982 అక్టోబరు 1న తెరిచిన ఎప్‌కాట్ వినోద వనంలో స్పేస్‌షిప్ ఎర్త్ అనే పెద్ద గోళం వెలుపలి కవచమంతా అలుకోబాండ్ త్రికోణాలే. వాటి లెక్క 11,324. అయితే త్రికోణానికి ఉన్నవి మూడు తిన్నని గీతలు. తెలుగు అక్షరంలో తిన్నని గీత కోసం భూతద్దం పెట్టి వెతకాలి. ఆ సంగతి తర్వాత. ముందు లేజర్ ఎందుకు ఓడిపోతుందో చూద్దాం.

దుకాణాల్లో యాక్రిలిక్ కోసేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ లేజర్. దాని కాంతి తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు. ఆ కాంతిని యాక్రిలిక్ ఇష్టంగా పీల్చుకుని, వేడెక్కి, ఆవిరైపోతుంది. అల్యూమినియం అలా కాదు. పడ్డ కాంతిలో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా వెనక్కి తిప్పికొడుతుంది. మరి లోహాన్ని కోసే ఫైబర్ లేజర్ ఉందిగా అనవచ్చు. దాని తరంగదైర్ఘ్యం ఒక మైక్రోమీటరు దరిదాపుల్లో ఉంటుంది, ఉత్త అల్యూమినియాన్ని బాగానే కోస్తుంది. ఏసీపీ దగ్గరకొచ్చేసరికి వేరే చిక్కు. అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీల సెల్సియస్ కావాలి. లోపలి పాలీఎథిలీన్ 110 డిగ్రీల ప్రాంతంలోనే కరగడం మొదలుపెడుతుంది. పైరేకు తెగే వేడికి కింద ప్లాస్టిక్ కరిగి, కాలి, నల్లగా బయటికి కారుతుంది. కోత పక్కన రేకు కోర్‌ను వదిలి పైకి లేస్తుంది.

ఇందులోంచి తేలే సంగతి ఒకటే. ఏసీపీని చూసి ఇది లోహం కదా అని లోహం కోసే పనిముట్టు వెతికినవాళ్లు దారి తప్పుతారు. బలం అల్యూమినియానిదే కావచ్చు, షరతులు పెట్టేది మాత్రం ప్లాస్టిక్. వేడి పుట్టించకుండా కోసే పనిముట్టు ఏదో అదే దీనికి సరైనది.

ఈ లెక్కన అందరికంటే ముందు పక్కన పెట్టాల్సింది యాంగిల్ గ్రైండర్. ఇనుప పని చేసే ప్రతి చోటా అది చేతికందేలా ఉంటుంది కాబట్టి, "రెండు నిమిషాల పని" అంటూ దానికి కటింగ్ వీల్ బిగించి ఏసీపీ మీద పెట్టడం మామూలైపోయింది. ఆ చక్రం కోయదు, ఒరుస్తుంది. లక్షల గరుకు రేణువులు రాసుకుని వేడి పుట్టిస్తాయి. మెత్తని అల్యూమినియమూ కరిగిన ప్లాస్టిక్కూ ఆ రేణువుల సందుల్లో మెత్తుకుపోతాయి. ఇక చక్రానికి గరుకుదనం పోతుంది, వేడి మరింత పెరుగుతుంది. అంచు పొడవునా రంగు మాడి గోధుమ పట్టీ పడుతుంది. గోడకు బిగించే ఫ్రేము లోపల దాగిపోయే అంచుకైతే ఎవరూ పట్టించుకోరు. ఆకారపు కోతకు ఇది పనికిరాదు.

వేడి పుట్టకుండా కోయడమంటే అసలు పుట్టనీయకుండా ఉండటం కాదు, అది అసాధ్యం. పుట్టిన వేడిని తురుముతో పాటు బయటికి పంపేయడం. పదునైన అంచు పదార్థంలోకి దిగి ఒక పొరను చీల్చి లేపినప్పుడు, కోతలో పుట్టిన వేడిలో పెద్ద వాటా ఆ తురుములోనే ఉంటుంది. తురుము బయటికి ఎగిరిపోతే వేడీ పోయినట్టే. తురుము గాడిలోనే మిగిలితే అదే తురుమును ఆ అంచు మళ్లీ మళ్లీ నలిపి, ముద్ద చేసి, గోడలకు అతికిస్తుంది. అల్యూమినియం వేడిని ప్రసరింపజేయడంలో పాలీఎథిలీన్ కంటే ఐదారు వందల రెట్లు చురుకు. ఒకచోట పుట్టిన వేడిని పక్కకు మోసుకుపోయి మరో నాలుగు మిల్లీమీటర్ల దూరంలో కోర్‌ను మెత్తబరచగలదు.

అందుకే ఆకారపు కోతలకు ప్రపంచమంతటా నిలదొక్కుకున్న జోడీ కంప్యూటర్ నడిపించే సీఎన్‌సీ రౌటర్, దానికి బిగించే సింగిల్ ఫ్లూట్ కార్బైడ్ బిట్. చెక్క చెక్కే బిట్‌కు సాధారణంగా రెండు కోత అంచులుంటాయి. దీనికి ఒక్కటే. ఒకటి తగ్గించడం పొదుపు కోసం కాదు. అంచు ఒక్కటే అయితే దాని ముందు గాడి విశాలంగా ఉంటుంది, తురుము ఇరుక్కోకుండా పైకి జారిపోతుంది. ఆ గాడిని అద్దంలా నునుపు చేసిన బిట్‌లు దొరుకుతాయి. అల్యూమినియం అతుక్కోకుండా ఉండటానికే ఆ నునుపు.

ఇక్కడ కొత్తగా యంత్రం నడిపేవాళ్లు చేసే పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. షీటు పాడవుతుందేమోనని భయపడి బిట్‌ను మెల్లగా కదుపుతారు. జాగ్రత్త అనుకుని చేసే పని అది, ఫలితం సరిగ్గా ఎదురు. బిట్ నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఒకే అంచు. నిమిషానికి 1,800 మి.మీ. చొప్పున ముందుకు కదిపితే ఒక్కో చుట్టుకు 0.1 మి.మీ. మందం తురుము లేస్తుంది. కదలికను 400 మి.మీ.కి తగ్గిస్తే అది 0.022 మి.మీ.కి పడిపోతుంది. ఎంత పదునైన కార్బైడ్ అంచుకైనా మొనలో కొన్ని మైక్రాన్ల గుండ్రదనం ఉంటుంది, అరిగేకొద్దీ అది పెరుగుతుంది. తురుము మందం ఆ గుండ్రదనానికి దగ్గరపడితే అంచు లోపలికి దిగదు, పైపైన రాచుకుంటూ పోతుంది. రాపిడంటే వేడి. మెల్లగా కోసిన గాడి కరిగిపోయి, దూకుడుగా కోసిన గాడి శుభ్రంగా రావడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. అదే బిట్‌కు రెండు అంచులుంటే తురుము మందం సగమవుతుంది కాబట్టి, అదే మందం రావాలంటే కదలిక వేగం రెట్టింపు చేయాలి. చిన్న యంత్రాలకు అంత వేగంలో మలుపులు తిరగడం కష్టం. అందుకూ ఒక్క అంచే మేలు.

తురుము ఎలా ఉందో చూస్తే కోత ఎలా సాగుతోందో తెలిసిపోతుంది. కోత బాగున్నప్పుడు తెల్లని లేదా నల్లని ప్లాస్టిక్ పలుకులు, వాటితో వెండిలా మెరిసే లోహపు తునకలు విడివిడిగా రాలతాయి. చేతిలోకి తీసుకుంటే గోరువెచ్చగా ఉంటాయి. దారాల్లా సాగి బిట్‌కు చుట్టుకున్నా, ముద్దలుగా పడుతున్నా యంత్రం ఆపి బిట్ చూడాల్సిందే. నీళ్లో నూనో పోసి చల్లబరచడం ఇక్కడ కుదరదు. కింద పరిచిన ఎండీఎఫ్ చెక్క నీటికి ఉబ్బుతుంది, ముద్రణ మీద మరకలు పడతాయి. గొట్టంతో గాలి ఊది తురుమును తరిమేయడమే ఉపాయం.

ఇప్పుడు తెలుగు అక్షరం దగ్గరికి వద్దాం.

గుండ్రని బిట్ లోమూలను ఎప్పటికీ పదునుగా కోయలేదు. 3 మి.మీ. బిట్ వెళ్లిన ప్రతి లోమూలలోనూ 1.5 మి.మీ. వ్యాసార్ధం మిగులుతుంది. రోమన్ లిపిలోని 'ఇ', 'ఎఫ్' లాంటి అక్షరాలకు ఇది కొట్టొచ్చినట్టు కనిపించే లోపం. తెలుగు లిపి పుట్టుకతోనే గుండ్రనిది కాబట్టి ఆ బాధ మనకు తక్కువ. మనకున్న చిక్కు సందులు. ప, స, హ వంటి అక్షరాల్లో తలకట్టు చాలా ఫాంట్లలో ఒంటికి తగలకుండా విడిగా ఉంటుంది. ఠ, థ అక్షరాల కడుపులో చుక్క ఉంటుంది. "వస్త్రాలయం"లో 'స్త్రా' ఒక్కటే తీసుకుంటే సకారం, దాని కింద త-ఒత్తు, ఎడమ నుంచి చుట్టి వచ్చే ర-ఒత్తు, వాటి నడుమ సన్నని సందులు. ముప్పై సెంటీమీటర్ల ఎత్తు అక్షరంలో ఆ సందు 9 మి.మీ. ఉంటే, అదే అక్షరాన్ని ఎనిమిది సెంటీమీటర్లకు కుదించినప్పుడు 2.4 మి.మీ. మిగులుతుంది. 3 మి.మీ. బిట్ అందులో దూరనే దూరదు. సాఫ్ట్‌వేర్ ఆ సందును నిశ్శబ్దంగా వదిలేస్తుంది, ఒత్తు అక్షరానికి అతుక్కుపోయి వస్తుంది.

సన్న బిట్ వాడొచ్చు కదా? వాడొచ్చు, మూల్యం ఉంది. ఒక కడ్డీ పక్కనుంచి తోసినప్పుడు ఎంత వంగుతుందనేది దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. 6 మి.మీ. బిట్‌తో పోలిస్తే 3 మి.మీ. బిట్ అదే తోపుకు పదహారు రెట్లు ఎక్కువ వంగుతుంది. 3 నుంచి 2కు దిగితే మళ్లీ ఐదు రెట్లు. బయటికి పొడుచుకొచ్చిన పొడవు రెట్టింపయితే వంపు ఎనిమిది రెట్లు. కాబట్టి సన్న బిట్ వాడక తప్పనప్పుడు కోత పొడవు తక్కువున్న పొట్టి బిట్‌నే ఎంచుకోవాలి. 3 మి.మీ. షీటుకు పాతిక మిల్లీమీటర్ల పొడవు బిట్ బిగిస్తే అది వణుకుతుంది, వణికిన ప్రతిసారీ అంచు మీద గీత పడుతుంది, చివరికి విరుగుతుంది. తెలివైన డిజైనర్లు ఈ గొడవంతా కంప్యూటర్ దగ్గరే తీర్చేస్తారు. తలకట్టును ఒంటికి చిన్న వంతెనతో కలపడం, ఒత్తును కొంచెం దూరం జరపడం, లేదా అక్షరాన్ని వెనక పలక మీద ముక్కలుగా అతికించేలా గీయడం. సన్న బిట్ కొనడం కన్నా ఇది చవక.

ముక్కలన్నాక వాటిని పట్టుకోవడం ఇంకో సమస్య. రౌటర్ బల్లలో కింది నుంచి గాలి పీల్చి షీటును బల్లకు కరిపించే ఏర్పాటు ఉంటుంది. పెద్ద ఆకారానికి ఆ పట్టు చాలు. అరచేతిలో పట్టే ఒత్తు ముక్కకు వైశాల్యం తక్కువ, పట్టూ తక్కువే. చివరి మిల్లీమీటరు తెగుతున్న క్షణంలో అది కదిలి బిట్‌కు తగిలిందంటే, ముద్రణ మీద అడ్డంగా గాటు పడుతుంది. అందుకని చుట్టూ రెండు మూడు చోట్ల చిన్న అతుకులు వదిలి, తర్వాత కత్తితో తెంపి ఆకురాయితో సరిచేస్తారు. బిట్ మెలిక దిశ కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. తురుమును పైకి లాగే బిట్ షీటునూ పైకి లాగుతుంది. కిందికి నొక్కే బిట్ షీటును నొక్కిపట్టి పైరేకు అంచును శుభ్రంగా ఉంచుతుంది, తురుమును మాత్రం గాడిలోకి కుక్కుతుంది. గాలి పట్టు బాగున్నప్పుడు మొదటిదే మంచిది.

గాడికి రెండు గోడలుంటాయి, రెండూ ఒకేలా రావు. పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. ముక్క చుట్టూ బిట్‌ను కూడా అదే దిశలో నడిపితే ముక్క వైపు గోడకు మందంగా మొదలై పలచగా ముగిసే తురుము లేస్తుంది, అంచు నున్నగా వస్తుంది. గరుకు గోడ పారేసే తునక వైపు పడుతుంది. చేతి రౌటర్‌తో మాత్రం ఈ దిశ ప్రమాదం. బిట్ ముందుకు పరుగెత్తి పనిముట్టును చేతుల్లోంచి లాక్కుపోతుంది. చేత్తో చేసేటప్పుడు ముక్క చుట్టూ గడియారానికి ఎదురు దిశలోనే నడపాలి.

చేతి రౌటర్‌తో ఆకారాలా అని సీఎన్‌సీ ఉన్నవాళ్లు నవ్వుతారేమో గానీ, అది చులకన చేయాల్సిన పద్ధతి కాదు. కావలసిన ఆకారాన్ని ముందు ఎండీఎఫ్‌లో కోసి, ఆకురాయితో, గరుకు కాగితంతో నున్నగా సరిచేయాలి. ఆ అచ్చును షీటు వెనక రెండువైపుల టేపుతో అతికించి, బేరింగు ఉన్న బిట్‌ను అచ్చు వెంట నడిపితే దాని నకలు దిగుతుంది. ఒకే కాఫీ కప్పు ఆకారం పది బోర్డులకు కావాలంటే ఒక్క అచ్చు చాలు. చిన్న ఊళ్లో సీఎన్‌సీ అందుబాటులో లేని దుకాణానికి ఇదే సరైన దారి. వేలల్లో పెట్టుబడి, లక్షల్లో కాదు.

అదీ లేనప్పుడు జిగ్ సా. ఇది ఆఖరి ఎంపికే, అయినా కొన్ని మెలకువలు తెలిస్తే పరువు దక్కుతుంది. మామూలు జిగ్ సా బ్లేడు పళ్లు పైకి చూస్తుంటాయి, పైకి లాగేటప్పుడే కోస్తుంది. కాబట్టి పైముఖం మీద రేకు అంచు లేస్తుంది, సిరా పెచ్చులూడుతుంది. ముద్రించిన ముఖాన్ని కిందికి తిప్పి, మెత్తని ఫోమ్ పరిచి కోయాలి. అలా తిప్పినప్పుడు వెనకవైపు గీసుకునే ఆకారం అద్దంలో ప్రతిబింబంలా తిరగేసి ఉండాలని మరిచిపోకూడదు. తెలుగు అక్షరాన్ని తిరగేసి గీయడం చెప్పినంత సులువు కాదు. పళ్ల సంగతికొస్తే, పలచని లోహానికి మందంలో కనీసం మూడు పళ్లు పడాలనే పాత సూత్రం ఉంది. 3 మి.మీ.కి అంటే పంటికీ పంటికీ ఒక మిల్లీమీటరు దూరం. అంత సన్న పళ్ల సందులో ప్లాస్టిక్ ఇరుక్కుని కరుగుతుంది. అందుకని రెండు మిల్లీమీటర్ల దూరమున్న బ్లేడుతో రాజీ పడటం మేలు. వేగం తగ్గించాలి. ఇందాక రౌటర్‌ను మెల్లగా కదపొద్దన్నది బిట్ ముందుకు వెళ్లే వేగం గురించి. ఇక్కడ తగ్గించమనేది బ్లేడు పైకీ కిందికీ ఆడే వేగం.

తిన్నని కోతల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. వృత్తాకారపు రంపానికి అల్యూమినియం కోసమే చేసిన, పళ్లు ఒకటి విడిచి ఒకటి అంచులు చెక్కి ఉండే కార్బైడ్ బ్లేడు వేస్తే సరి. టేబుల్ సాలో పళ్లు పైనుంచి కిందికి దిగుతాయి కాబట్టి ముద్రణ పైకి ఉండాలి. చేతి రంపంలో పళ్లు కిందినుంచి పైకి వస్తాయి కాబట్టి ముద్రణ కిందికి. 0.2 మి.మీ. రేకు రకాన్నయితే రెండు వైపులా కత్తితో లోతుగా గీత పెట్టి విరిచేయవచ్చు. రేకు కత్తెర వాడితే అంచు వంకర్లు పోతుంది. రాళ్లనూ ఉక్కునూ కోసే వాటర్‌జెట్ వేడి లేకుండా కోస్తుంది, ఏసీపీనీ కోస్తుంది. అయితే మొదటి రంధ్రం పొడిచేటప్పుడు నీటి ఒత్తిడి పొరల మధ్య దూరి రేకును లేపేస్తుంది. ముందుగా డ్రిల్లుతో బెజ్జం పెట్టుకుంటేనే పని సాగుతుంది. ఒక బోర్డు కోసం అంత యంత్రం దాకా వెళ్లడం అనవసరం.

ముద్రణ కూడా పనిముట్టు ఎంపికను మారుస్తుంది. యూవీ సిరా షీటు మీద పడగానే అతినీలలోహిత దీపం కింద గట్టిపడి పొరగా మారుతుంది. గట్టి పొర కాబట్టి మొద్దు బిట్ తగిలితే అంచున పెచ్చులు లేస్తాయి. కొత్త బిట్‌తో ఈ బాధ దాదాపు ఉండదు. వినైల్ స్టిక్కర్ మీద ముద్రించి అతికించిన షీటుది వేరే తలనొప్పి. వినైల్ సాగుతుంది, దాని జిగురు బిట్‌కు పట్టుకుంటుంది, అంచు వెంట నూగులా లేస్తుంది. ఆకారపు కోత ఉందని ముందే తెలిస్తే నేరుగా షీటు మీద యూవీ ముద్రణే మంచిది. వినైలే కావాలంటే షీటును ముందు కోసి, తర్వాత అతికించి, అంచు వెంట కత్తితో తీయాలి.

బొమ్మ ఒకచోట, కోత మరోచోట పడటం ఇంకో ఫిర్యాదు. ఇందులో వేసవికీ పాత్ర ఉంది. అల్యూమినియం ఒక డిగ్రీ వేడికి మీటరుకు 0.024 మి.మీ. పెరుగుతుంది. ఎనిమిదడుగుల షీటును ఏసీ గదిలో ముద్రించి, దానికంటే 15 డిగ్రీలు వేడిగా ఉన్న రేకుల షెడ్డులో కోస్తే, పొడవులో 0.9 మి.మీ. దాకా తేడా వస్తుంది. విజయవాడ మే నెలలో అది ఊహకు అందని తేడా ఏమీ కాదు. మూలల్లో ముద్రించిన గుర్తులను కెమెరాతో చదివి కోత గీతను ఆ మేరకు సాగదీసే రౌటర్లు ఉన్నాయి. కెమెరా లేనివాళ్లు బొమ్మను కోత గీత దాటి మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ముద్రించుకుంటే తెల్ల అంచు కనపడదు.

చివరిగా కోర్ రకం. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. మంటలు అంత వేగంగా పాకడానికి ముఖ్య కారణం భవనానికి తొడిగిన పాలీఎథిలీన్ కోర్ ప్యానెళ్లేనని విచారణలో తేలింది. కరిగి, కారి, మండే ఆ ప్లాస్టిక్కే మన చాలా బోర్డుల్లోనూ ఉంది. దుకాణం మీద నాలుగడుగుల బోర్డుకూ, ఆసుపత్రి ముఖభాగమంతా కప్పే పలకకూ ప్రమాదం ఒకటి కాదు, నిజమే. రెండో దానికి మంటను ఆలస్యం చేసే ఖనిజపు పొడి కలిపిన ఎఫ్ఆర్ కోర్ షీటు వాడాలి. కోసేవాళ్లు తెలుసుకోవాల్సింది ఏమంటే ఆ ఖనిజపు పొడి బిట్‌ను గరుకు కాగితంలా అరగదీస్తుంది. మామూలు షీటుకు ఎన్నో రోజులు వచ్చిన బిట్ దీనికి తొందరగా మొద్దుబారుతుంది. ఎఫ్ఆర్ షీటు కోతకు ధర ఎక్కువ అడిగితే అది మోసం కాదు. ఇంకొక జాగ్రత్త: ఏసీపీ దుమ్ములో సన్నని అల్యూమినియం పొడి ఉంటుంది, అది అంటుకోగలదు. ఇనుము గ్రైండింగు నిప్పురవ్వలు పోయే గొట్టంలోకి ఈ దుమ్మును పీల్చకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి. తిరుగుతున్న బిట్ దగ్గర చేతి తొడుగులు మాత్రం వద్దు, తొడుగు చిక్కుకుంటే చేతిని లాగేస్తుంది.

బోర్డు చేయించుకునేవాళ్లు లేజరా కాదా అని అడగడం మాని, మూడు విషయాలు అడిగితే పని బాగా జరుగుతుంది. కోర్ ఏ రకం, కోసే బిట్ ఎంత వ్యాసం, ముద్రణ నేరుగా షీటు మీదా వినైల్ మీదా. మీ పేరులో అన్నిటికంటే ఇరుకైన ఒత్తు ఏదో చూసి, అసలు కొలతలోనే ఒక తునక మీద దాన్ని ముద్రించి, కోసి చూపించమనండి. గోరుతో అంచు తడిమితే గరుకు తగలకూడదు, రంగు రాలకూడదు, రేకు కోర్ నుంచి లేవకూడదు. ఆ తునక నచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.